పద్నాలుగో నంబరు వ్యాఖ్య

కిందటి వారం పంతులమ్మని మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా ఆవిడ అక్కడే నిలబడి ఉందనుకోకండి. మనకి వారం, ఆవిడకి అర నిమిషం. పోస్టు ద్వారా కథలు రాయడం నేర్పే సంస్థలో పాఠాలు దిద్దడం ఆవిడ ఉద్యోగం. మూడువందల పద్దెనిమిదో నంబరు విద్యార్థిని, బస్సు టికెట్ల కిటికీ వెనక కూర్చునే ఇరవై మూడేళ్ళ అమ్మాయి, మూతబడ్డ మిల్లులో నీళ్ళ ట్యాంకు మీంచి పడి చనిపోయిందనీ, అప్పుడు ఆమె పర్సులో ఈ సంస్థ పంపిన ఉత్తరం ఉందనీ ఆవిడకి అప్పుడే తెలిసింది. ఆ ఉత్తరం పట్టుకుని అమ్మాయి తండ్రి పై అంతస్తు ఆఫీసులో కూర్చుని ఉన్నాడు. డైరెక్టరు గారు మెట్ల దాకా ఎదురొచ్చి మరీ హెచ్చరించాడు.

“కథ చాలా బావుందని చెప్పండి పంతులమ్మగారూ. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడొద్దు.”

పంతులమ్మ తల ఊపి మిగతా మెట్లు ఎక్కింది.

ఆఫీసంటే పెద్ద గది, నాలుగు బల్లలు, గోడ పొడుగునా ఇనప బీరువాలు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి టైపిస్టు బల్ల మీద పడుతోంది. టైపిస్టు మిషను మీద చేతులు పెట్టుకుని, కొట్టకుండా, తల వంచుకుని కూర్చుంది. పంతులమ్మ బల్ల ముందున్న కుర్చీలో ఒక పెద్దమనిషి. బక్క పలచటి మనిషి, ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో గుడ్డ సంచి. దర్జీ పని చేస్తాడని డైరెక్టరు చెప్పాడు. చెప్పకపోయినా ఎడమ చేతి చూపుడువేలి మీది సూదిపోట్లు చూస్తే తెలుస్తుంది.

ఆవిడ రాగానే లేచి నిలబడ్డాడు. కూతుర్ని పోగొట్టుకున్న మనిషి తనకి మర్యాద చేస్తుంటే పంతులమ్మకి తల కొట్టేసినట్టయింది.

“మా అమ్మాయి పాఠాలు దిద్దింది మీరేనా అమ్మా?”

“నేనేనండీ. కూర్చోండి.”

ఆయన కూర్చుని ఉత్తరం బల్ల మీద పెట్టి, మడతలు పోయేలా చేత్తో రెండుసార్లు సాపు చేశాడు. అందులో మూడే మూడు వాక్యాలున్నాయి. “సన్నివేశం నమ్మదగినట్టుగా లేదు. మీరు ఆ చోటును స్వయంగా చూసినట్టు లేదు. వెళ్ళి, చూసి, తిరిగి రాయండి.” కింద పంతులమ్మ సంతకం.

ఆ మూడు వాక్యాలూ పంతులమ్మ రాసినవి కావు. ఎవరూ రాసినవి కావు అన్నా తప్పు లేదు. సంస్థ పెట్టిన కొత్తలో డైరెక్టరు గారు ముప్పై రెండు వ్యాఖ్యలు తయారు చేసి, వరస నంబర్లు వేసి, దిద్దేవాళ్ళ బల్లల అద్దాల కింద పెట్టించాడు. పాఠం చదివి కాగితం మూల నంబరు వేస్తే చాలు, టైపిస్టు ఆ నంబరు తాలూకు వాక్యాలు ఉత్తరంలో కొట్టేస్తుంది. పద్నాలుగు అందరికీ ముద్దుబిడ్డ. పెళ్ళి కథకి పనికొస్తుంది, హత్య కథకి పనికొస్తుంది, చంద్రమండలం మీద జరిగే కథకి కూడా ఆఫీసులో ఎవరో ఒకసారి పద్నాలుగు వేసి పంపితే నెల రోజులు నవ్వుకున్నారు. ఏ కథకైనా సరిపోతుంది కాబట్టి ఏ కథనీ చదవక్కర్లేదు. అదీ దాని మహత్యం.

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. చేతిలో చుట్ట చుట్టిన కాగితం. “మీ అమ్మాయి చాలా ప్రతిభ గల విద్యార్థిని. మా సంస్థ తరఫున ఆమెకి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైనట్టు ధ్రువపత్రం ఇస్తున్నాం. ఇంకా ఏడు పాఠాలు మిగిలి ఉన్నా సరే, ప్రత్యేకంగా...”

పెద్దమనిషి ధ్రువపత్రం తీసుకున్నాడు, దానికేసి చూడకుండా సంచిలో పెట్టుకున్నాడు.

“సంతోషమండీ. నేను వచ్చింది దీనికి కాదు. దెబ్బలాటకీ రాలేదు. మీరేదో మంచికే చెప్పుంటారు. నాకొక్కటే తెలియాలి. అందులో ఏం తప్పుంది?”

“తప్పంటే... అదంతా కథాశిల్పానికి సంబంధించిన సాంకేతిక విషయమండీ,” అన్నాడు డైరెక్టరు.

“నేనూ పనివాణ్ణే బాబూ. నా దగ్గర నేర్చుకునేవాడు చొక్కా తెస్తే, విప్పి మళ్ళీ కుట్టమంటాను. కానీ ఎక్కడ బిగుతుగా ఉందో, ఎక్కడ లాగుతోందో వేలు పెట్టి చూపిస్తాను. ఊరికే కుదర్లేదు పొమ్మనను.” పంతులమ్మ వైపు తిరిగాడు. “ఎక్కడ కుదర్లేదమ్మా? మా పిల్ల నాకు ఎప్పుడూ ఏదీ చూపించలేదు. సిగ్గు. మీకొక్కళ్ళకే చూపించింది. అది రాసింది చదివినవాళ్ళు లోకంలో మీరొక్కరే.”

పంతులమ్మ పాతికేళ్ళు బడిలో పాఠాలు చెప్పి, కాపీ కొట్టిన పిల్లల్ని ముఖం చూసి పట్టేసిన మనిషి. ఇప్పుడు తన ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

“కార్బన్ కాపీ ఇక్కడ ఉంటుందిగా,” అంది లేస్తూ. “చూసి చెప్తాను.”

“ఫైళ్ళు బయటికి తీయకూడదు,” అన్నాడు డైరెక్టరు గబగబా.

“బయటికి తీయడం లేదు. ఈ గదిలోనే ఉంటుంది.”

బీరువా తెరిచి మూడువందల పద్దెనిమిది వెతికింది. ప్రతి విద్యార్థీ పాఠానికి రెండు ప్రతులు పంపాలి. పైది వ్యాఖ్యతో తిరిగి పోతుంది, కార్బన్‌ది ఫైల్లో ఉంటుంది. పదకొండు పేజీలు. నీలం అక్షరాలు, కొన్ని చోట్ల వొత్తు చాలక వెలిసిపోయి ఉన్నాయి. మొదటి పేజీ మూల ఆవిడ వేసిన పద్నాలుగు. ఎర్రగా, గుండ్రంగా, చుట్టూ సున్నా చుట్టి మరీ వేసింది.

ఆ రోజు జ్ఞాపకం ఉంది ఆవిడకి. జ్ఞాపకం లేకపోతే బావుండేది. బల్ల మీద అరవైకి పైగా పాఠాలు. ఇది పట్టుకుని మొదటి వాక్యం చదివింది. ‘ఆ ట్యాంకు కింద నిలబడితే సగం ఆకాశం కనపడదు.’ మళ్ళీ దయ్యం కథా అనుకుంది. ట్యాంకు, బావి, పాడుబడ్డ ఇల్లు, వారానికి నాలుగొస్తాయి. నంబరు వేసి పక్కన పడేసి ఇంకోటి తీసుకుంది. ఒంట్లో బాగోలేక కాదు, ఇంట్లో కష్టం వచ్చి కాదు. విసుగు పుట్టింది, అంతే. చెప్పుకోవడానికి ఒక మంచి సాకైనా లేదు.

“ఇవేనా?” ఆయన కాగితాల వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు. “మీరు చదవండమ్మా. నేను చదివితే నా గొంతే వినపడుతుంది. అది మీకోసం రాసింది.”

పంతులమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. డైరెక్టరు ఏదో అనబోయి, ఆ పెద్దమనిషి ముఖం చూసి ఊరుకున్నాడు.

“‘ఆ ట్యాంకు కింద నిలబడితే సగం ఆకాశం కనపడదు. మిల్లు మూతబడి ఆరేళ్ళయినా ట్యాంకులో నీళ్ళు అడుగున ఇంకా ఉన్నాయంటారు. నిచ్చెనకి అరవై రెండు మెట్లు. ఎక్కేటప్పుడు లెక్కపెట్టాను, దిగేటప్పుడు లెక్క తప్పాను. ఇరవయ్యో మెట్టు నుంచీ ఇనుముకి తుప్పు. అరచేతులకి అంటుకుంటే సబ్బుతో పోదు, రెండు రోజులుంటుంది. పైనుంచి మూడో మెట్టు ఒక పక్క ఊడి ఉంది. దాన్ని తొక్కకూడదు. రెండో దాని మీంచి కాలు చాపి నేరుగా నాలుగో దాని మీద వేయాలి. ఒకసారి తెలిస్తే ఇక మరిచిపోయేది కాదు...’”

ఆవిడ ఆగిపోయింది.

ఇరవై ఏళ్ళుగా కథల గురించి మాట్లాడుతున్న మనిషి. చూసి రాసినదేదో, ఊహించి రాసినదేదో రెండు వాక్యాల్లో పసిగట్టగలదు. ఊహించి రాసేవాళ్ళు ఎత్తు గురించి రాస్తారు, గాలి గురించి రాస్తారు, గుండె దడ గురించి రాస్తారు. సబ్బుతో పోని తుప్పు గురించి రాయరు. ఈ అమ్మాయి అక్కడికి వెళ్ళింది. ఎక్కింది, దిగింది. చూసి, బుద్ధిగా, ఉన్నదున్నట్టు రాసి పంపితే, నువ్వు చూడలేదు పో అని తను తిప్పి పంపింది.

“ఏమ్మా, ఆగారే? అక్కడేనా కుదరంది?”

“కాదు,” అంది. “ఇందులో తప్పు లేదండీ. మీ అమ్మాయి రాసింది చక్కగా ఉంది. నాకన్నా బాగా రాసింది.”

“మరి?”

“పంతులమ్మగారూ!” అన్నాడు డైరెక్టరు.

“నేను చదవలేదు.”

టైపిస్టు తల ఎత్తింది. పంతులమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “మొదటి వాక్యం చూసి పక్కన పెట్టేశాను. ఇదిగో, ఈ అద్దం కింద వ్యాఖ్యలుంటాయి, నంబర్లుంటాయి. పద్నాలుగు వేశాను. ఆ ఉత్తరంలో మాటలు మీ అమ్మాయి కథని చూసి రాసినవి కావు. ఎవరి కథకైనా అవే వెళ్తాయి. నేను చదివి ఉంటే ఆ మాట రాసేదాన్ని కాదు. ఆ పిల్ల మళ్ళీ వెళ్ళేది కాదు.”

చెప్పేసింది. ఇక ఆయన కొడతాడో, తిడతాడో, ఏడుస్తాడో అని చూసింది. ఏం చేసినా పడాల్సిందే అనుకుంది. కొడితే కాస్త తేలిగ్గా ఉంటుందేమో అని కూడా అనుకుంది.

ఆయన బల్ల అద్దం మీదికి వంగి అందులో వరసగా ఉన్న వాక్యాలని వేలితో వెతుక్కుంటూ పద్నాలుగు దగ్గర ఆగాడు. ఉత్తరం పక్కన పెట్టి మాటకి మాటా సరిపోల్చుకున్నాడు.

“ఉత్తరం వచ్చిన రోజు అన్నం తినలేదు,” అన్నాడు. “నేను రాసింది నమ్మేలా లేదట నాన్నా అంది. నమ్మేలా రాయమ్మా అన్నాను నేను. అంతకన్నా ఏం తెలుసు నాకు?”

పంతులమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

“మీరు ఇప్పుడు చదువుతున్నారుగా. పూర్తిగా చదవండి.” ఆయన గొంతు పెంచలేదు. “మూడో మెట్టు గురించి చెప్పింది మళ్ళీ ఒక్కసారి చదివి, అక్కణ్ణుంచి కానివ్వండి.”

ఆవిడ మళ్ళీ చదివింది. ‘ఒకసారి తెలిస్తే ఇక మరిచిపోయేది కాదు’ అన్నచోట ఆయన చెయ్యి ఎత్తాడు.

“పోలీసులు రాసుకున్నది వేరే. మూడో మెట్టు ఊడి ఉన్న సంగతి తెలియక కాలు వేసిందట. దాంతో జారి పడిందట.”

డైరెక్టరు కుర్చీ లాక్కుని మెల్లిగా కూర్చున్నాడు.

“కానివ్వండి,” అన్నాడు దర్జీ.

రెండో పేజీలో ఒక మనిషి వచ్చాడు. కథలో అతనికి పేరు లేదు, కాపలాదారు అని మాత్రమే ఉంది. పిల్లకి తెలిసినవాడు, చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. ట్యాంకు పైనుంచి ఊరంతా కనపడుతుంది, చూపిస్తా రా అంటాడు. ఆమె వెళ్తుంది.

“‘అతను సిగరెట్టు కాల్చడు. అయినా జేబులో అగ్గిపెట్టె ఉంటుంది. మాట్లాడే ముందు ఒక పుల్ల తీసి, బొటనవేలి గోటితో నిలువునా చీల్చి, రెండు సగాలూ మళ్ళీ పెట్టెలోనే జాగ్రత్తగా పెట్టుకుంటాడు. ఒక్క పుల్లా విరగదు...’”

అయిదో పాఠం. మనిషిని పేరుతో కాదు, అలవాటుతో గుర్తుపట్టించండి. మరొకరికి అతకని అలవాటు ఒక్కటి చాలు అని విద్యార్థులకి చెప్పే పాఠం. ఆ పాఠం మాత్రం పంతులమ్మ సొంతంగా రాసింది. చెప్పింది చెప్పినట్టు చేసింది పిల్ల. ఆవిడకి గర్వమూ దుఃఖమూ ఒకేసారి వచ్చి, తల ఎత్తి చూసింది.

దర్జీ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఆ వాక్యం మళ్ళీ చదవండి.”

చదివింది.

“ఇంకోసారి.”

“అయ్యా, మంచినీళ్ళు...”

“చదవండమ్మా!”

చదివి, తనంతట తానే ముందుకు వెళ్ళింది. ఇక ఆగడం ఆవిడ చేతిలో లేదు. ట్యాంకు పైన ఆ మనిషి నిచ్చెనకి అడ్డంగా కూర్చుంటాడు. దిగాలంటే నన్ను దాటుకుని దిగాలి అంటాడు, నవ్వుతూ. పొద్దు వాలేదాకా ఆమె అటు పిట్టగోడ పక్కన నిలబడే ఉంటుంది. నాన్నకి చెప్తానంటుంది. ‘చెప్పు. మీ నాన్న నీ మాట నమ్ముతాడో, నా మాట నమ్ముతాడో చూద్దాం’ అంటాడు అతను. చివరికి పక్కకి జరిగి, ‘మళ్ళీ రాకపోతావా’ అంటాడు. ఆమె ఇంటికి వచ్చి రెండు రోజులు చేతులు కడుక్కుంటూ ఉంటుంది. నాన్నకి చెప్పదు. కథ ముగింపులో ఒక్క వాక్యం: ‘చెప్పడం చేతకాక రాశాను, చదివినవాళ్ళు నమ్మితే నాన్నకీ చూపిస్తాను.’

పంతులమ్మ కాగితాలు దించింది. అది కథ కాదు. పదకొండు పేజీల పొడుగునా ఆ పిల్ల ఒక మనిషిని చెయ్యి పట్టుకుని నమ్మమని అడిగింది. సన్నివేశం నమ్మదగినట్టుగా లేదని ఆ మనిషి జవాబిచ్చింది.

“మా తమ్ముడు,” అన్నాడు దర్జీ.

గొంతు ఆయనది కాదన్నట్టుంది. “మిల్లు గేటు దగ్గర కాపలా. పిల్లకి బాబాయి. పెళ్ళీ పెటాకులూ లేవు, మా ఇంట్లోనే ఉంటాడు. పడిపోయిందని వచ్చి చెప్పింది వాడే. అది లోపలికి వచ్చినట్టే తనకి తెలీదన్నాడు, కేక వినపడి పరిగెత్తానన్నాడు.” ఆగాడు. “ఉత్తరం వచ్చాక, మళ్ళీ అక్కడికి వెళ్ళి చూసి రాయమన్నారు, ఏం చేయను నాన్నా అని అడిగింది. ఒక్కదానివే వెళ్ళకు, బాబాయిని తోడు తీసుకెళ్ళు అని నేనే అన్నాను. నా ముందు అట్లాగే నిలబడింది. కత్తిరింపు మీద ఉన్నాను, గుడ్డ జరుగుతుందని తల ఎత్తలేదు.”

ఆయన బల్ల మీది కాగితాలకేసి చూశాడు.

“మీరు తిప్పి పంపిన అసలు కాపీ ఇంట్లో దొరకలేదమ్మా. వాడే బీరువా అంతా వెతికి, ఏమీ లేదన్నాడు. ఇంకో కాపీ ఆఫీసులో ఉంటుంది, పిల్ల జ్ఞాపకంగా తెచ్చుకుందాం పద అన్నాడు. ఆఫీసులో రెండో కాపీ ఉంటుందని వాడికెట్లా తెలుసు అని నాకు తోచనేలేదు. ఎంత అభిమానమో అనుకున్నాను.”

“ఆయన ఇప్పుడు...” అంది పంతులమ్మ.

“కింద ఉన్నాడు. నన్ను బండి మీద తీసుకొచ్చింది వాడే.”

అంతలోకే మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. తొందరా లేదు, జంకూ లేదు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి నలభై దాటినవాడు, శుభ్రమైన బట్టలు, నెమ్మదైన ముఖం. డైరెక్టరుకి నమస్కారం పెట్టాడు.

“ఇంతసేపయిందేమిటి అన్నయ్యా? ఒంట్లో బాగానే ఉందా?” దగ్గరికి వచ్చి అన్న భుజం మీద చెయ్యి వేశాడు. దర్జీ కదలలేదు. చెయ్యి తోసేయలేదు, ముఖం తిప్పలేదు. తిప్పితే ఏమవుతుందో ఆయనకే భయంగా ఉన్నట్టుంది. తమ్ముడి చూపు బల్ల మీది కాగితాల మీదికి పోయింది. “అవేనా? ఇట్లా ఇవ్వండమ్మా, నేను భద్రంగా దాస్తాను. వీటిని చూస్తే మా అన్నయ్య తట్టుకోలేడు.”

చెయ్యి చాపాడు. పంతులమ్మ కాగితాల మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది.

అతను చిన్నగా నవ్వాడు. “దిద్దింది మీరేనా? పిల్లల పిచ్చి రాతలు, ఏవేవో ఊహించి రాస్తుంటారు. ఇవన్నీ మీరు మాత్రం కూర్చుని చదవగలరా? చదివారా ఏమిటి?”

అడగడంలో గదమాయింపు లేదు. అందుకే ఆవిడ కాగితాల మీంచి చెయ్యి తీయలేదు.

డైరెక్టరు చప్పున లేచాడు. విషయం ఎంతవరకు అర్థమైందో గానీ, సంస్థని గండం గట్టెక్కించే దారి మాత్రం ఆయనకి కనపడింది. “లేదండీ, లేదు. వందల్లో వస్తాయి. ఆవిడ చదవలేదు. ఇప్పుడే స్వయంగా ఒప్పుకున్నారు కూడా. అంతే కదా పంతులమ్మగారూ?”

తల ఊపితే చాలు. అబద్ధం కూడా కాదు, అరగంట కిందట తన నోటితో తను చెప్పిన మాటే. తల ఊపితే ఈ మనిషి కాగితాలు పట్టుకుని మెట్లు దిగిపోతాడు, అన్నని బండి ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోతాడు. రేపు పొద్దున బల్ల మీద మళ్ళీ అరవై పాఠాలుంటాయి.

దర్జీ ఆవిడ వంక చూస్తున్నాడు. ఏమీ అడగడం లేదు, చూస్తున్నాడు.

“చదివాను,” అంది పంతులమ్మ. “మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా. నమ్మాను కూడా.”

టైపిస్టు కుర్చీ వెనక్కి తోసి లేచి, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి తలుపు గడియ పెట్టి, ఫోను అందుకుంది.